నా హెర్నియా ఆపరేషన్

నవంబర్ 9, ఆదివారం

ఇవాళ కూడా మోసెస్ పాస్టరుగారు మా ఆవిడ సుజానా గర్భం కోసం ప్రార్థన చేశారు. ముందుకు పిలిచి, పొట్టకు జానెడు దూరంలో చెయ్యి గాలిలో నిలిపి, కళ్ళు మూసుకుని, మైకులో చేశారు. మా చర్చిలో పిల్లల్లేని ఆడవాళ్ళకు తరచుగా దక్కే గౌరవం ఇది. మగవాళ్ళకైతే చెయ్యి ఎక్కడ నిలపాలో తెలియకనో ఏమో, ఇంతవరకు ఎవర్నీ పిలవలేదు.

సుజానా తల వంచుకుని నిలబడింది. మొన్న విశాఖ నుంచి వచ్చిన రిపోర్టు ఆమె చేతిసంచిలోనే ఉంది, బైబిలు పక్కన. దాని మీద ఉన్నది నా పేరు. వీర్యం రెండుసార్లు పరీక్ష చేశారు. మొదటిసారి ఏమీ కనపడలేదట. రెండోసారి ఒకటి కనపడిందట. కోట్లలో ఉండాల్సిన చోట ఒక్కటి, అదీ కదలడం లేదట. మా వంశానికి మిగిలిన ఏకైక వారసుడు, వాడికీ బద్ధకమే.

చివర్లో "ఆమెన్" అని అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

నేను అబద్ధమేమీ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు, అంతే.

నవంబర్ 14

కాఫీ పండ్ల సీజను ఊపందుకుంది. కాఫీ రైతుల సంఘం వాళ్ళ తూకం దగ్గర నా ఉద్యోగం చాలా గొప్పది. రైతు తెచ్చిన పండ్లను నీళ్ళ తొట్టిలో పోయిస్తాను. గింజ నిండినవి మునుగుతాయి, గుల్లవి తేలుతాయి. తేలినవాటిని జల్లెడతో తోడి, రైతు సంచిలోనే పోసి, వెనక్కి పట్టుకెళ్ళమంటాను. గూడెం కొత్తవీధి మండలంలో నన్ను ప్రేమగా తలుచుకునే రైతు ఒక్కడూ లేడు.

మంగ్లు మామకు మరీ మంట. అమ్మ పుట్టిన ఊరివాడు కాబట్టి నన్ను తిట్టే హక్కు తనకు పుట్టుకతో వచ్చిందనుకుంటాడు.

"ఏటల్లుడూ, సగం తేల్చీసినావు. నా సెట్లు గాలి కాసినాయేటి?"

"నేను తేల్చడమేంటి మామా, అవే తేలాయి."

"నిన్ను కూడా ఓపాలి ఈ తొట్లో ఏసి సూడాల."

లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆల్రెడీ వేసి చూశారు మామా, విశాఖలో.

నవంబర్ 22

విశాఖలో మా డాక్టర్ రవిబాబుగారికి బొమ్మలు గీసే సరదా ఉంది. తెల్లకాగితం మీద రెండు గుండ్రాలు, వాటిమీద మెలికల గొట్టాలు గీసి, ఇది మీరు అన్నాడు. నా ఫొటో ఇంతవరకు ఇంత బాగా ఎవరూ తీయలేదు.

సుజానా ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు. నోట్సు రాసుకునే పిల్లలా ముందుకు వంగి కూర్చుంది. ఆయన కూడా ఆమెకే చెప్పాడు. దారి మూసుకుపోయిన మగవాళ్ళకైతే పని తేలికట. పైనున్న గొట్టంలోకి సన్నటి సూది పంపి కణాలు లాగేస్తారట. లేదంటే సూదిని వృషణంలోకే పంపుతారట.

"అయితే సూదే కానివ్వండి" అన్నాను.

"మీది దారి సమస్య కాదండీ, తయారీ సమస్య. మీ రక్తంలో హార్మోను బాగా పెరిగింది. అంటే పని చెయ్యమని మెదడు గట్టిగా అరుస్తోంది, కింద వాళ్ళు వినడం లేదు."

మా ఇంట్లో అమ్మకూ నాకూ మధ్య నడిచేది కూడా ఇదే.

నాకు చెయ్యాల్సింది మూడో పద్ధతి. మత్తిచ్చి, వృషణం తెరిచి, మైక్రోస్కోపు కింద గాలించాలి. అంతా ఎండిపోయినట్టు కనపడినా అక్కడక్కడా చిన్నచిన్న చోట్ల తయారీ జరుగుతూ ఉండొచ్చట. కాస్త లావుగా, తెల్లగా ఉన్న గొట్టాలను ఏరి పక్కన లాబ్‌వాళ్ళకిస్తే, వాళ్ళు అందులో వెతుకుతారు. దొరికితే గడ్డకట్టించి దాస్తారు. తర్వాత సుజానా అండాలు తీసి, ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క కణం ఎక్కిస్తారు. దొరికే అవకాశం సగం సగమే అన్నాడు.

"ఒకవేళ దొరక్కపోతే దాత కణాలతో..."

"అక్కర్లేదు" అన్నాను.

ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు. సుజానా నా వైపు తిరిగి చూసింది. తను పూర్తిగా వినాలనుకున్నట్టుంది.

నవంబర్ 23, ఆదివారం

ప్రార్థన. చెయ్యి. పొట్ట. ఆమెన్.

నవంబర్ 30, ఆదివారం

సీజనులో సెలవంటే మా సెక్రటరీ ప్రాణం పోయినట్టు చూస్తాడు. కారణమేంటన్నాడు. హెర్నియా ఆపరేషన్ అన్నాను. నోటికి అదే వచ్చింది. రెండింటికీ చోటు దగ్గరదగ్గరే కదా, పూర్తి అబద్ధం కూడా కాదు.

ఆయన పాస్టరుగారికి చెప్పాడు. పాస్టరుగారు మైకుకి చెప్పారు. ఇవాళ "మన సహోదరుడు లాజరస్ హెర్నియా" కోసం చర్చి అంతా మోకాళ్ళూనింది. కొత్తవీధి మొత్తానికి ఇప్పుడు నా హెర్నియా తెలుసు. ఎడమవైపా కుడివైపా అని అడిగారు. రెండు వైపులా అన్నాను. అయ్యో పాపం అన్నారు.

ఇంటికొచ్చాక సుజానా ఒకటే మాట అంది. "మీ హెర్నియాకి ఒక్క ఆదివారంతో సరిపోయింది. నా గర్భానికి ఎన్ని ఆదివారాలు పట్టాయో కదండీ."

అలసిపోయి ఉంటుంది పాపం.

డిసెంబర్ 5

నాన్న పోయి మూడేళ్ళయింది. అమ్మ ఇవాళ మళ్ళీ చూరులోంచి ఆయన చుట్ట తీసి, దుమ్ము దులిపి, అక్కడే దోపింది. పోయే ముందు ఆయన ఆమెతో అన్నాడట, "మల్లీ వత్తాను, సుట్ట దాసి ఉంచు" అని. నాతో అన్నది మాత్రం ఆవుని అమ్మొద్దని.

మా వాళ్ళలో పోయినవాళ్ళు ఇంట్లోనే మళ్ళీ పుడతారు. బిడ్డ పుట్టాక గిన్నెలో నీళ్ళు పోసి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ ఒక్కొక్క బియ్యపుగింజ వదులుతారు. ఎవరి పేరు దగ్గర గింజ అటూ ఇటూ ఊగకుండా తిన్నగా మునుగుతుందో, ఆ మనిషే తిరిగొచ్చినట్టు. బాప్తిస్మాలు తీసుకుని ఇంతకాలమైనా అది మానలేదు. శనివారం గిన్నె, ఆదివారం చర్చి. పాస్టరుగారింట్లోనూ జరిగిందని అందరికీ తెలుసు.

నాకు ఇవన్నీ నమ్మకాలేమీ లేవు. డిగ్రీ చదివాను. కానీ అమ్మ గాసి అని నాన్న పేరు పలికి గింజ వదిలేటప్పుడు ఆ బిడ్డ ఎవరో తెలియని మనిషి బిడ్డ అయితే, నాన్న ఏ దారిన వస్తాడు? ఇది నా ప్రశ్న కాదు. అమ్మ తరఫున ఆలోచిస్తున్నాను.

"మీ అమ్మగారిని అడిగారా?" అంది సుజానా.

అడగడమెందుకు, నాకు తెలియదా.

డిసెంబర్ 11

విశాఖ. రేపు ఆపరేషన్ అనుకుంటే ఇవాళే చేసేశారు. కూర్చోలేకపోతున్నాను, పడుకుని రాస్తున్నాను.

పొద్దున సుజానాతో చింతపల్లి బస్సు ఎక్కబోతుంటే మంగ్లు మామ తలకు మఫ్లరు చుట్టుకుని, చేతిలో సంచితో నిలబడి ఉన్నాడు.

"నాకూ హెర్నియా ఉంది అల్లుడూ. శానా యేళ్ళైంది. సర్చీలో ఇన్నాను. మీ డాకటేరుకి నన్నూ సూపించు. ఇద్దరికీ ఒకపాలే కోసీత్తాడు."

వద్దనడానికి కారణం దొరకలేదు. నర్సీపట్నం దాకా తన హెర్నియా చరిత్ర చెప్పాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంతమంది రైతుల్లో, నా తొట్టి దగ్గర అందరికన్నా ఎక్కువ తిట్లు తిట్టిన ఈయనకే హెర్నియా ఉండాలా?

ఆస్పత్రి హాల్లో నాలుగు గోడలకీ బొద్దుపిల్లల ఫొటోలు. చుట్టూ జంటలు. మామ మధ్యలో కాళ్ళు చాపుకు కూర్చుని ఫొటోలన్నీ చూశాడు.

"ఈ డాకటేరుకి గుంటలంటే శానా ఇట్టమేటి?"

రిసెప్షన్ అమ్మాయి వచ్చి, మీ మిసెస్ ఎక్కడండీ అని ఆయన్నడిగింది.

"ఇంటికాడుంది. హెర్నియా నాకమ్మా, దానిక్కాదు."

"పిల్లలెంతమంది సార్?"

"ఏడుగురు."

ఆ అమ్మాయి కాసేపు ఆయన్నే చూసి, లోపలికెళ్ళి ఇంకో అమ్మాయిని తీసుకొచ్చింది. ఇద్దరూ కలిసి చూశారు. సుజానాయే లేచి మామను బయటికి తీసుకెళ్ళింది. ఆ జబ్బుకి పెద్దాస్పత్రిలో ఉచితంగానే చేస్తారని చెప్పి, ఆటో ఎక్కించి పంపింది. ఏమనుకున్నాడో అడిగితే, "ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టాడు" అంది.

తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్ళారు. మత్తు ఎక్కేముందు పైన పెద్ద లైటు కనపడింది. తొట్టి ముందు నిలబడి జల్లెడ పట్టుకునే నేను ఇవాళ తొట్టిలో ఉన్నాను. మంగ్లు మామ కోరిక నెరవేరింది.

డిసెంబర్ 12

ఏమీ లేదు. కుడివైపు లేదు, ఎడమవైపు లేదు.

డిసెంబర్ 13

ఇంటికొచ్చాం. లంబసింగి దగ్గర టూరిస్టులు మంచులో చేతులు చాపుకుని ఫొటోలు దిగుతూ రోడ్డంతా ఆపేశారు. ఘాటీలో ప్రతి మలుపుకీ నా ప్రాణం ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలిసింది.

రవిబాబుగారు మంచివాడు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. లాబ్‌లో ఇద్దరు మనుషులు సాయంత్రం దాకా చూశారట. తీసిన ప్రతి ముక్కనూ మెత్తగా చిదిపి మళ్ళీ చూశారట. ఆ ఒక్కడు, ఆ బద్ధకస్తుడు, వాడు కూడా కనపడలేదట. కొన్నాళ్ళాగి ఇంకోసారి తెరవొచ్చుగానీ నేనైతే ఆశ పెట్టను అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

సుజానా ఏడ్చింది. నేను ఏడవలేదు. కుట్లు లాగుతాయని.

డిసెంబర్ 17

పరామర్శలు. ఒకరు ఉడికించిన గుడ్లు, ఒకరు హార్లిక్స్, ఒకరు నాటుకోడి. బరువులెత్తొద్దన్నారు. దగ్గొస్తే చేత్తో అదిమి పట్టుకోమన్నారు. సెక్రటరీగారి బావమరిది తన హెర్నియా మచ్చ చొక్కా ఎత్తి చూపించి, ఇక నీది చూపించు అన్నాడు. అలసటగా ఉందని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అందరికీ అమ్మే టీ ఇచ్చింది.

మంగ్లు మామ ఇంకా విశాఖలోనే ఉన్నాడట. నిజంగానే ఆపరేషన్ చేశారట. ఆయన తిరిగొచ్చిన రోజున మండలమంతా ఏం నవ్వుకుంటుందో ఇప్పటి నుంచే వింటున్నాను.

డిసెంబర్ 25

క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం ఈసారి కూడా సుజానాకే ఇచ్చారు. పిల్లల్లేనివాళ్ళు బాలయేసును ఎత్తుకుంటే మంచిదట. ప్లాస్టిక్ బొమ్మ, ఒక కన్ను మూసుకోదు. నాటకం అయిపోయాక బొమ్మను పెట్టెలో పెట్టేసి, వేషం మార్చుకోవడానికి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. పెట్టె తెరిచి బొమ్మకు గుడ్డ సరిచేస్తోంది.

చలిగా ఉంటుందని, అంది. బేగి రా, జనం వెళ్ళిపోతున్నారు అన్నాను.

జనవరి 7

సుజానా అడగాల్సింది అడిగేసింది. దాత కణాలతో చేయించుకుందామా, వద్దా.

నేను నిదానంగానే చెప్పాను. మా తూకం దగ్గర ప్రతి సంచికీ రైతు పేరు రాసిన చీటీ ఉంటుంది, ఏ రైతుదో, ఏ తోటదో తెలియని సంచిని నేను కాటా ఎక్కించను, అది నా పద్ధతి అన్నాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

"నేను సంచిని కాదండీ" అంది.

తర్వాత కూడా గొంతు పెంచలేదు. "ఇన్నాళ్ళూ మీ బదులు నిలబడి చెయ్యి పెట్టించుకున్నాను. రిపోర్టు వచ్చాక కూడా నిలబడ్డాను. మీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. మీ నాన్నగారు వస్తారో రారో నాకు తెలీదు. నాకు ఒక బిడ్డ కావాలి. ఎవరైనా పర్లేదు, రావాలి."

నా గురించి కూడా ఒకసారి ఆలోచించు అన్నాను. అదే పనిలో ఉన్నానంది.

జనవరి 12

సుజానా చింతూరు ఆశ్రమ పాఠశాలకు బదిలీ అడిగిందని హెడ్మాస్టరు చెబితే తెలిసింది. ఈ ఎండాకాలానికల్లా ఆర్డరు వచ్చేస్తుందట. అడిగితే, అవునండీ అంది. నేను కూడా రావాలా అంటే, మీకు తూకం ఉంది కదా అంది.

మంచిదే. అక్కడ శబరి నది చాలా బాగుంటుందట.

జనవరి 13

బాగుండకపోతే బాగుండును.

జనవరి 20

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చాను. సుజానా బడిలో ఉంది. అమ్మ రాగి అంబలి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఆ గుంట సింతూరు ఎలిపోతందంట. నువ్వేటి సేత్తన్నావు?"

"ఉద్యోగం అమ్మా. బదిలీలు మామూలే."

"మంగ్లు సెప్పినాడు."

గ్లాసు కింద పెట్టేశాను.

"పెద్దాస్పత్రి నించి వచ్చినాక ముందు నా కాడికే వచ్చినాడు. అక్కా, లాజరుది హెర్నియా కాదు, అక్కడ కూకున్నోళ్ళంతా పిల్లల్లేనోళ్ళే, మనోడినే లోపలికి తీసుకెల్లినారు, గుంటని తీసుకెల్లలేదు అనీసి. ఇంకెవరికీ సెప్పనని నా సేతిలో సెయ్యేసి ఎలిపోయినాడు."

నెల కావస్తోంది. ఈ నెలంతా తొట్టి దగ్గర మంగ్లు మామ నన్ను ఎప్పటిలాగే తిట్టాడు. ఒక్క మాట తక్కువ కాలేదు, ఒక్క మాట ఎక్కువా కాలేదు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పాను. నాలో ఏమీ దొరకలేదని, దొరకదని, ఇంకొకరివి తెచ్చి చేసే పద్ధతి ఉందని, సుజానా అదే కావాలంటోందని, నేనే వద్దన్నానని.

"ఎందుకొద్దన్నావు?"

"నాన్న కోసమే. ఎవడి బిడ్డో అయితే నాన్న ఎలా వస్తాడమ్మా? మన రక్తం ఉండాలి కదా."

అమ్మ నన్ను కాసేపు చూసింది. చిన్నప్పుడు అంకెలు తప్పు చెప్పినప్పుడు ఇలాగే చూసేది.

"ఓరి ఎర్రోడా. మీయయ్య నీ రగతం ఎతుక్కుని వత్తాడేటి? బతికున్నప్పుడు సంత నించి వత్తే వాకిట్లో నువ్వే కూకునుండేవోడివి. నిన్ను దాటుకొని లోపలికొచ్చీసి, ముసిల్దుందా అనేవోడు. ఒక్కరోజైనా నిన్నడిగినాడా? ఆయన నా కోసం వత్తాడు. నానున్న ఇంటికొత్తాడు. ఏ గుంటడైతే ఏటి, ఏ గుంటైతే ఏటి, ఈ సూరు కింద ఏడిత్తే సాలు, ఆయనకి తెలిసిపోద్ది."

"మరి గింజ మునక్కపోతే?"

"మునిగిందాకా ఏత్తాను. బియ్యం నేవేటి ఇంట్లో?"

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. కుట్లు ఎప్పుడో మానిపోయాయి, ఆ సాకు కూడా లేదు. అంబలి ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నాన్న నా కోసం రాడన్న సంగతికి ఏడ్చానో, నేను లేకపోయినా వస్తాడన్నందుకు ఏడ్చానో, లాబ్‌లో ఆ ఇద్దరూ సాయంత్రం దాకా వెతికినదానికి ఏడ్చానో తెలియదు. అన్నిటికీ అనుకుంటాను.

అమ్మ ఓదార్చలేదు. "అంబలి సల్లారిపోతంది" అంది. "తాగీసి బేగి ఎల్లు. ఆ గుంటతో మాటాడు. సుట్ట పురుగు పట్టేత్తంది."

బడికెళ్ళాను. సుజానా పిల్లలకు ఆకు బొమ్మ గీసి ఈనెలు చూపిస్తోంది. కిటికీ దగ్గర నిలబడ్డాను. పిల్లలు ముందు చూసి నవ్వారు. తను బయటికొచ్చి ఏమైందండీ అంది.

"రవిబాబుగారికి ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి, నీకే బాగా అర్థమవుతుంది" అన్నాను.

సుద్దముక్క చేతిలోనే ఉంది. బదిలీ సంగతి నేను అడగలేదు.

జనవరి 25, ఆదివారం

ఇది రాయకుండా పడుకోలేను.

మంగ్లు మామ, క్రిస్మస్‌కి తప్ప చర్చి మొహం చూడనివాడు, ఇవాళ వచ్చి మగవాళ్ళ వరసలో ముందు కూర్చున్నాడు. హెర్నియా సాక్ష్యం చెప్పాలట. చెప్పాడు. లాజరు వల్లే తనకు ఆపరేషన్ జరిగిందన్నాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఇద్దరికీ బాగైపోయింది, దేవుడికి స్తోత్రం అన్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు. ఆయన సంచుల్లో తేలిన పండ్లన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు తిరిగాయి.

తర్వాత పాస్టరుగారు ఎప్పటిలాగే సుజానా పేరు పిలిచారు. తను లేవబోయింది. ఆమె పక్కన కూర్చున్న అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టి, తను లేచింది.

"పాస్టరు బాబూ, ఆ గుంటకి ఏటీ లోపం నేదు. ఇన్నాళ్ళూ ఒట్టి పున్నేనికి నిలబడ్డాది. లోపం మావోడిది. సెయ్యెట్టేదేదో ఆడి మీదెట్టి సెయ్యండి పార్దన."

ఎవరో దగ్గారు. అమ్మ మెడ తిప్పి నన్ను చూసింది. ఇక ఈ లోకంలో ఏ శక్తీ నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టలేదు. లేచి ముందుకెళ్ళాను.

పాస్టరుగారు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని చెయ్యి చాపారు. చెయ్యి నా పొట్ట దాకా వచ్చి ఆగింది. కొంచెం కిందికి దిగింది. ఆయన కళ్ళు తెరిచి, చెయ్యి చూసుకుని, గబుక్కున పైకి లేపి నా తలమీద పెట్టారు. ఆడవాళ్ళ వరసలో సుజానా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆమె అలా నవ్వగా చూసి చాలాకాలమైంది.

ప్రార్థన ఎంతసేపు చేశారో తెలియదు. నా పేరు వినపడింది, నా భార్య పేరు వినపడింది, రాబోయే బిడ్డ అన్న మాట వినపడింది. చివర్లో వెనకనుంచి మంగ్లు మామ రేకులు ఎగిరిపోయేలా "ఆమెన్" అన్నాడు.

నేనూ అన్నాను. ఈసారి మెల్లగా.